నుదుటి మీది వడ్డాణం

తెనాలి గంగానమ్మపేటలో ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడితే డాక్టరు దగ్గరికి వెళ్తారు. ఆ రోగానికి ఇంగ్లీషు పేరు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలనిపిస్తే మాత్రం వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారి గుమ్మం ఎక్కాలి. అలా అనిపించే మనుషులు ఊళ్ళో ఎంతమంది ఉన్నారని అడక్కండి. ఎవరికీ అనిపించకపోయినా ఆయన చెబుతారు. పాలు పోయడానికొచ్చిన మనిషి తుమ్మితే చెబుతారు, గ్యాస్ బండ తెచ్చినవాడు నడుం పట్టుకుంటే చెబుతారు. కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. ఇంగ్లీషు ఆయనకి ఎప్పుడో చాల్లేదు. దాని వెనకాల ఉన్న లాటిన్, లాటిన్ వెనకాల ఉన్న గ్రీకు పట్టుకుంటే తప్ప ఆయనకి ముద్ద దిగదు.

ఇది ఆయన కథ అనుకునేరు. ఆయన కథ ఆయనే చెప్పుకుంటారు, మధ్యలో అడ్డం వచ్చేవాళ్ళెవరూ ఉండరు. ఇది ఆయన భార్య లలితాంబ కథ. ఈవిడ జీవితమంతా వినడంలోనే గడిచింది.

లలితాంబది రేపల్లె. పెళ్ళైన కొత్తలో మొగుడు ప్రతి మాటనీ చిక్కుడుకాయలా రెండుగా విరిచి లోపలి గింజ చూపిస్తుంటే ఆవిడకి ముచ్చటేసేది. పుట్టింటికి వెళ్ళినప్పుడు చెల్లెళ్ళ దగ్గర ఆ మాటలే అప్పజెప్పి గొప్పలు పోయేది కూడా. ఆ ముచ్చట కూతురు శ్రీవిద్య పుట్టిన రోజుతో కొంత తగ్గింది. ఆవిడ నొప్పులతో మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరుగుతుంటే మాస్టారు తలుపు దగ్గర నిలబడి, కాన్పుల వైద్యానికున్న ఇంగ్లీషు పేరు లాటిన్ నుంచి వచ్చిందనీ, ఎదురుగా నిలబడే మనిషి, అంటే మంత్రసాని అని దానికి అర్థమనీ నర్సుకి వివరించారు. "మీరు మాత్రం బయట నిలబడండి," అంది నర్సు. ఆ నర్సుని లలితాంబ ఇప్పటికీ దీవిస్తుంది.

తరవాత ఆవిడకి మైగ్రేన్ వచ్చింది. గ్రీకులో సగం పుర్రె అని దాని అర్థమట. ఆ సగం పుర్రె పట్టుకుని ఆవిడ చీకటి గదిలో పడుకుంటే, మిగతా సగం వింటుంది కదా అని ఆయన పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఆ తరవాత చక్కెర జబ్బు. డయాబెటిస్ అంటే గ్రీకులో ఒంటి గుండా పారిపోవడం, మెలిటస్ అంటే లాటిన్లో తేనెలా తియ్యనిది. ఈ మాట ఆయన రెండు చెంచాల పంచదార వేసుకున్న కాఫీ తాగుతూ చెప్పారు. చప్పటి కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని ఆవిడ విన్నది.

ఆయన చెడ్డవాడని కాదు. భార్యకి ఏ జబ్బొచ్చినా ఆ రోజంతా పుస్తకాలు తిరగేసి, దాని పుట్టు పూర్వోత్తరాలన్నీ లాగి ఆవిడ ముందు పెట్టేవారు. పెళ్ళానికి అంత సేవ చేసిన మొగుడు లేడని ఆయన నమ్మకం. మందులు తేవడం, మంచినీళ్ళివ్వడం లాంటి చిన్న పనులు ఆవిడే చూసుకునేది.

పోయిన ఎండాకాలం మొదట్లో ఓ పొద్దున లలితాంబ తల దువ్వుకుంటుంటే కుడివైపు నుదురు భగ్గుమంది. దువ్వెన తగిలినచోటల్లా నిప్పు పెట్టినట్టుంది. సాయంత్రానికి కనుబొమ పైన ఎర్రటి పొక్కులు గుత్తులుగా లేచాయి. మర్నాటికి ముక్కు కొన మీద ఇంకోటి వచ్చింది, కుడికన్ను ఊరికే నీళ్ళు కారడం మొదలుపెట్టింది. అప్పటికి మాస్టారు బాపట్లలో ఒక నర్సింగ్ కాలేజీవాళ్ళు పిలిచిన ఉపన్యాసం రాసుకుంటున్నారు. వైద్యపదాల వెనకున్న గ్రీకు, లాటిన్ మూలాల గురించి ఆయన్ని పిలిచి మాట్లాడమన్నవాళ్ళు పుట్టడం ఇదే మొదలు. ఇల్లంతా ఆ హడావిడే. అయినా ఆయన కలం పక్కన పెట్టి, ఆవిడ్ని కొత్తపేటలో డాక్టర్ ప్రియ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ మాట ఒప్పుకోవాలి.

ప్రియ చిన్నపిల్ల. ఆవిడ నుదురూ, ముక్కు కొనా చూడగానే మొహం మార్చుకుంది.

"ఎప్పుడొచ్చాయి ఆంటీ ఇవి? నిన్ననా? నయం, టైం ఉంది. ఈ మాత్రలు ఇవాళే మొదలెట్టాలి. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు వేస్తేనే బాగా పనిచేస్తాయి. దీన్ని హెర్పిస్ జోస్టర్..."

"ఆగమ్మా," అన్నారు మాస్టారు.

ఆగమ్మా అన్న మాట ఆయన నోట వచ్చిందంటే ఇక బస్సైనా రైలైనా ఆగాల్సిందే.

"హెర్పిస్ అంటే పాకేది. గ్రీకు మాట. ఒప్పుకుంటాను, పొక్కులు పాకుతున్నాయి. జోస్టర్ అంటే ఏంటో తెలుసా తల్లీ నీకు?"

"వైరస్ పేరులోది సార్."

"వైరస్ నిన్న మొన్నటిది. మాట వేల ఏళ్ళనాటిది. జోస్టర్ అంటే గ్రీకు వీరుడు యుద్ధానికి పోతూ నడుముకి బిగించుకునే పట్టీ. మన ఆడవాళ్ళ భాషలో చెప్పాలంటే వడ్డాణం. ఈ జబ్బు నడుం చుట్టూ వస్తుంది కాబట్టే ఆ పేరు పెట్టారు. వడ్డాణం నుదుటికి పెట్టుకున్న మనిషిని ఎక్కడైనా చూశావా?"

ప్రియ ఆయన వంక చూసింది, ఆవిడ వంక చూసింది. "పేరు సంగతి వదిలేయండి సార్, ముందు కన్ను..." అంది.

పేరు సంగతి వదిలేయమనడం ఆయన్ని పంచె విప్పి రోడ్డు మీద నడవమనడంతో సమానం. ఆ పిల్లకి తెలీదు పాపం. మాస్టారు లేచి, ఆ పిల్ల రాసిన మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకుని, "అర్థం తెలియకుండా వైద్యం చెయ్యకూడదమ్మా," అని గుమ్మం వైపు నడిచారు. ప్రియ లలితాంబ చెయ్యి పట్టుకుని గబగబా చెప్పింది. "ఆంటీ, ఆఫ్తాల్మికస్ ఇది. ఆఫ్తాల్మికస్. ఇవాళే కంటి డాక్టర్ని కలవండి. ఆలస్యమైతే చూపు పోవచ్చు. సార్‌కి చెప్పండి."

సార్‌కి చెప్పడం అనే పని ఎంత కష్టమో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది. ఆటోలో లలితాంబ మొదలుపెట్టింది.

"ఏవండీ, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళమంటోందండి. చూపు పోవచ్చంటోంది. ఇంకో మాటేదో కూడా..."

"ఉండు లలితా, ఆలోచిస్తున్నాను," అన్నారాయన. ఆయన ఆలోచిస్తున్నది వడ్డాణం ముచ్చట ఉపన్యాసంలో మొదట పెట్టాలా, చివర పెట్టాలా అని.

ఇంటికెళ్ళాక మళ్ళీ అడిగింది. జోస్టర్ కానేకాని దానికి కంటి డాక్టరెందుకన్నారాయన. ఎండలకి వేడి చేసిందనీ, గంధం రాస్తే తగ్గుతుందనీ తేల్చారు. లేని జబ్బుకి మాత్రలు మింగితే ఉన్న ఆరోగ్యం పాడవుతుందన్నారు. ఆవిడ గంధం అరగదీసుకుంది. ఎందుకు అరగదీసిందంటే ఏం చెబుతాం. ఇన్నేళ్ళలో ఆయన చెప్పిన ఏ మాట అర్థమూ తప్పు కాలేదు. మాట అర్థం తప్పు కానివాడికి జబ్బు సంగతి కూడా తెలుసని నమ్మడం ఆవిడకి అలవాటైపోయింది. పైగా కన్ను పోతుందన్న మాటకంటే వేడి చేసిందన్న మాట వినడానికి హాయిగా ఉంది.

అయినా మనసాగక రేపల్లెలో తమ్ముడు రాఘవకి ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మకి నడుముకి వచ్చింది చూడు, అలా ఉందా?" అన్నాడు రాఘవ. "అయితే సర్పే అది. అశ్రద్ధ చెయ్యకు. మందులిస్తే వేసేసుకో. బావగారిని తరవాత ఒప్పించుకోవచ్చు."

సర్పి అనగానే ఆవిడకి చిన్నప్పటి రేపల్లె ఇల్లు గుర్తొచ్చింది. అమ్మ నడుముకి పొక్కులొస్తే వీధి వీధంతా వచ్చి చూసింది. అది పామట. చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే మనిషి దక్కదట. ఎర్రమట్టి పూసి, పొద్దున్నే చీర పక్కకి జరిపి, తల ఎక్కడిదాకా వచ్చింది, తోక ఎక్కడుంది అని కొలిచేవాళ్ళు. కొన్నాళ్ళకి పొక్కులు వాటంతటవే మాడిపోయాయి. పేరు ఎర్రమట్టికి దక్కింది.

ఈ మాట చెబితే మాస్టారు ఎగిరి గంతేశారు. "సర్పి! సంస్కృతంలో సర్పతి అంటే పాకుతుంది. లాటిన్లో సెర్పెరె. గ్రీకులో హెర్పెయిన్. మూడూ ఒక తల్లి పిల్లలు లలితా. చూశావా, రేపల్లె ఆడవాళ్ళకి కూడా గ్రీకు తెలుసు." అంటూ రాసుకోవడానికి పరిగెత్తారు. వెళ్తూ వెళ్తూ, ఆ ఎర్రమట్టివాళ్ళు వట్టి మూఢులని ఓ మాట విసిరారు.

లలితాంబ గంధం గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. రేపల్లెలో వాళ్ళు పాముకి తలా తోకా కలిసిందా లేదా అని చూశారు. ఈయన మాటకి తలా తోకా కలిసిందా లేదా అని చూస్తున్నారు. ఒంటి మీద మంట ఎవరికుందో ఆ మనిషిని అప్పుడూ ఎవరూ అడగలేదు, ఇప్పుడూ ఎవరూ అడగడం లేదు. ఆవిడకి కోపం వచ్చింది. కోపం వచ్చాక ఏం చెయ్యాలో మాత్రం అలవాటు లేదు.

ఆదివారం ఉపన్యాసం. కన్ను బాగా ఎర్రబడింది, రెప్ప వాచింది. "నేను రాలేనండి," అంటే, "మొదటి వరసలో నువ్వు లేకపోతే నాకు మాట రాదు," అన్నారాయన. ఆయనకి మాట రాకపోవడం అన్న వింత చూడ్డానికైనా ఇంట్లో ఉండిపోదామనిపించింది. కానీ వెళ్ళింది. తెనాలిలో ప్యాసింజరు ఎక్కారు. చుండూరు దాటగానే కిటికీలోంచి వడగాలి కంటికి కొట్టింది. సూదులతో గుచ్చినట్టుంటే కొంగు నాలుగు మడతలు వేసి కుడి కంటి మీద అదిమిపెట్టుకుంది. మాస్టారు ఎదురు సీట్లో పెదాలు కదుపుతూ కూర్చున్నారు. ఆయన జపం చేసుకుంటున్నారనుకుని పక్కనున్నావిడ చేతులు జోడించింది కూడా.

బాపట్ల కాలేజీ హాల్లో ఆయనకి పూలదండ, శాలువా. లలితాంబకి మొదటి వరసలో కుర్చీ, ఓ కొబ్బరిబోండాం. పక్క కుర్చీలో కావేరి అని ఆ కాలేజీలో పాఠాలు చెప్పే మేడం కూర్చుంది. వెనకాల తెల్ల యూనిఫారాల్లో ఆడపిల్లలు. మాస్టారు మైకు ముందు గొంతు సవరించుకుని ఎత్తుకున్నారు. పేషెంట్ అంటే లాటిన్లో ఓర్చుకునేవాడు అన్నారు. పిల్లలు రాసుకున్నారు. సగం పుర్రె చెప్పారు, తేనె చెప్పారు. లలితాంబ ఒక్కొక్క మాటా వింటూ లెక్కేసుకుంది. అది నా తల. అది నా రక్తం. ఈయన ఉపన్యాసమంతా నా ఒంటి మీదే రాసుకున్నారు.

ఆఖర్న ఆయన జేబులోంచి ప్రియ రాసిచ్చిన చీటీ తీసి గాల్లో ఊపారు.

"మా ఊళ్ళో ఓ డాక్టరమ్మాయి ఉంది. పేరు చెప్పను, బాగుండదు. నుదుటి మీద నాలుగు వేడి పొక్కులు చూసి జోస్టర్ అంది. జోస్టర్ అంటే ఏమిటి? వడ్డాణం. నేనన్నాను, అమ్మా, నువ్వు వడ్డాణం నుదుటికి పెట్టుకుంటే పాపిటబిళ్ళ నడుముకి కట్టుకుంటావా అని."

హాలంతా గొల్లుమంది. ఆ మాట అప్పుడు అనలేదు ఆయన, పాపిటబిళ్ళ ఇప్పుడు కలిపారు. పిల్లలు బల్లలు చరిచారు. లలితాంబ కొంగు కింద కన్ను జివ్వుమంది. ఇంతమంది నవ్వుతున్నది తన కన్ను గురించే. తనకి పెళ్ళినాడు కూడా వడ్డాణం పెట్టలేదు. ఇప్పుడు నుదుటికి పెట్టి ఊరందరికీ చూపిస్తున్నారు.

నవ్వనిది కావేరి మేడం ఒక్కతే. ఆవిడ పక్కకి తిరిగి, లలితాంబ కొంగు అంచు కాస్త పైకెత్తి చూసింది.

"అమ్మగారూ, ఆయన చెప్పిన ఆ నుదురు మీదేనా? కన్ను ఇలా ఎప్పట్నుంచుందండి? ముక్కు మీద కూడా ఉందే. మందులు వేసుకుంటున్నారా?"

"గంధం రాస్తున్నానమ్మా."

కావేరి గబుక్కున ఫోన్ తీసి కంటి డాక్టర్ నంబరు వెతకడం మొదలుపెట్టింది. లలితాంబ ఆ తొందర చూసింది. డాక్టరు చెబితే ఎంత భయం వేసిందో దానికి పదింతలు ఇప్పుడు వేసింది. కొంగు తీసి స్టేజీ వైపు చూసింది. ఎడం కంటికి మాస్టారు శాలువాతో కళకళలాడుతున్నారు. కుడికంటికి పసుపుపచ్చ మసక తప్ప ఏమీ లేదు. మైకూ లేదు, మనిషీ లేడు.

లలితాంబ లేచి నిలబడింది.

"ఏవండీ."

మాస్టారు ఆగారు. పెళ్ళాం సభలో లేచి మాట్లాడడం ఆయన ఎరగరు. ఏదో పొగడ్త అనుకుని చిరునవ్వు నవ్వారు.

"ఆ అమ్మాయి మూడు మాటలు చెప్పిందండి. మీరు రెండే విన్నారు."

పిల్లల్లో ఇంకా నవ్వు పూర్తిగా ఆగలేదు. ఆయన కళ్ళు మెరిశాయి. వినని మాట ఒకటి మిగిలిపోయిందంటే ఆయన ఉండలేరు. "మూడోదేంటి?" అన్నారు, మైకులోనే.

"ఆఫ్తాల్మికస్."

"ఆఫ్తాల్మోస్!" అన్నారు మాస్టారు, చిన్నపిల్లాడికి తాయిలం దొరికినంత సంబరంగా. "గ్రీకు. అచ్చమైన గ్రీకు. దానర్థం కన్..."

అక్కడ ఆగింది ఆయన నోరు. జీవితంలో మొదటిసారి ఒక మాట అర్థం చెబుతూ సగంలో ఆగింది. ఎదురుగా లలితాంబ కొంగు లేకుండా నిలబడి ఉంది. వాచి, నీళ్ళు కారుతూ, మూసీ మూయకుండా ఉన్న ఆ కన్ను మూడు రోజులుగా ఇంట్లోనే ఉంది, రైల్లో ఎదుటి సీట్లోనే ఉంది. ఆయన దాన్ని అప్పుడు చూశారు. కన్ను చూపిస్తే నమ్మని మనిషి మాట చూపిస్తే నమ్మారు.

తరవాత జరిగినదంతా కావేరి మేడమే చూసుకుంది. వందన సమర్పణ లేకుండానే కారు తెప్పించి, ఊళ్ళోనే ఉన్న కంటి డాక్టర్ రవిశంకర్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన దీపం వేసి చాలాసేపు చూశాడు. నల్లగుడ్డు మీద దెబ్బ తగిలిందన్నాడు. మాత్రలు, చుక్కలు, మళ్ళీ చుక్కలు రాశాడు. "మొదటి రోజే మందు పడుంటే ఇంతదాకా వచ్చేది కాదేమో సార్. డాక్టరు ఎవరూ చెప్పలేదా?" అని అడిగాడు. మాస్టారు శాలువా మీద కుట్టు చూస్తూ కూర్చున్నారు. చెప్పిందండి, అని లలితాంబే జవాబిచ్చింది.

పొక్కులు మాడిపోయాయి. కన్ను పూర్తిగా పోలేదు, పూర్తిగా మిగల్లేదు. కుడివైపు నుంచి ఎవరొచ్చినా ఆవిడకి ఆవిరి పట్టిన అద్దం అవతల ఉన్నట్టు కనిపిస్తారు. సూదిలోకి దారం ఎక్కదు. నుదురు ఇప్పటికీ మండుతుంది, అటు పక్క దువ్వెన పెట్టనివ్వదు. కంట్లో చుక్కలు వెయ్యడం మాస్టారి పని. గడియారం చూసుకుని, చేతులు కడుక్కుని, వణక్కుండా వేస్తారు. వేస్తున్నంతసేపూ నోరు మెదపరు. డాక్టర్ ప్రియ దగ్గరికి మళ్ళీ వెళ్ళినప్పుడు ఆ పిల్ల మాట్లాడడం అయిపోయాక కూడా, ఇంకేమన్నా ఉందేమో అని ఆయన కాసేపు కూర్చున్నారు.

చూడ్డానికి వచ్చేవాళ్ళు ఇప్పటికీ వస్తూనే ఉన్నారు. మొన్న అంగలకుదురు నుంచి ఆయన పాత శిష్యుడు వెంకట్ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు.

"ఏంటి మాస్టారూ, అమ్మగారి కంటికేమైంది? ఏం జబ్బన్నారు?"

మాస్టారు బత్తాయిల వంక చూస్తూ, మెల్లిగా, ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పారు. "హెర్పిస్. జోస్టర్. ఆఫ్తాల్మికస్." చెప్పి ఊరుకున్నారు.

వెంకట్‌కి వింతగా ఉంది. కాలేజీలో ఈయన ఒక మాట అంటే గంట కొట్టేదాకా దాని వంశవృక్షం చెప్పేవారు. ఇప్పుడిలా ఊరుకున్నారేంటా అని అటూ ఇటూ చూశాడు. లలితాంబ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, కాఫీ గ్లాసు పట్టుకుని. పొగమంచులో ఉన్న మొగుడి కేసి కుడికన్నే తిప్పింది.

"మూడోదానికి అర్థం కూడా చెప్పండి," అంది.

వచ్చిన ప్రతివాళ్ళ ముందూ ఆవిడ ఇదే అడుగుతుంది. కేకలు వెయ్యదు, ఏడవదు, దెప్పదు. ఆ ఒక్కటీ అడిగి గుమ్మంలోనే నిలబడుతుంది, ఆయన చెప్పేదాకా కదలదు.

మాస్టారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"కన్ను," అన్నారు.